రీడు లేని నాదం

డిజిటల్ అకార్డియన్‌లో రీడు ఉండదు. తిత్తి ఉంటుంది, కుడిచేతికి పియానో మెట్లు, ఎడమచేతికి వరసలు వరసలుగా బొత్తాలు, భుజాలకు తగిలించుకునే పట్టీలు అన్నీ ఉంటాయి. తిత్తి సాగదీస్తే గాలి లోపలికి వస్తుంది, మూస్తే బయటికి పోతుంది. ఆ గాలి మాత్రం ఏ రీడునూ, అంటే గాలికి కంపించి పలికే ఏ లోహపు నాలుకనూ, తాకదు. లోపలున్న సెన్సర్ గాలి ఒత్తిడిని కొలిచి అంకెగా మారుస్తుంది. ఏ మెట్టు నొక్కారో, ఎంత జోరుగా నొక్కారో ఇంకో సెన్సర్ చెబుతుంది. ఈ లెక్కలన్నీ కలిపి ఒక చిప్పు ధ్వనిని తయారుచేసి స్పీకరుకు పంపుతుంది. చూపుకు గాలివాద్యం, వినికిడికి గాలివాద్యం, పుట్టుకలో మాత్రం గాలికి సంబంధం లేదు. గుడిలో భజనకో, చర్చిలో ఆరాధనకో దీన్ని వాడినప్పుడు ఒక పాత ప్రశ్న కొత్తగా లేస్తుంది. దేవుడి ముందు వినిపించే నాదంలో ఏది అసలైనదై ఉండాలి? ధ్వని పుట్టిన పదార్థమా, పుట్టించిన మనిషా?

పెన్న ఒడ్డు నుంచి మైపాడు సముద్రం దాకా పరుచుకున్న ఇందుకూరుపేట ప్రాంతంలో అకార్డియన్ అరుదైన వస్తువే. దాని దాయాది హార్మోనియం మాత్రం నెల్లూరు సీమలో ఊరూరా తెలిసినది. రామమందిరం భజన, హరికథ, పద్యనాటకం ఈ మూడింటికీ హార్మోనియం పెట్టే ఆధారం. 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వెలిసింది. కాలక్రమంలో తెలుగు క్రైస్తవ కీర్తనకూ ఆ పెట్టే తోడయింది. ఇప్పుడు చాలాచోట్ల దాని స్థానంలోకి ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. కారణం అర్థం చేసుకోదగినదే. సముద్రపు ఉప్పుగాలికి ఇత్తడి రీడుకు పచ్చచిలుము పడుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి, నొక్కిన మెట్టు పైకి లేవదు. శ్రుతి తప్పిన రీడును సరిచేసేవారు దాన్ని సన్నగా గీకుతారు. కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. గీకడం ఎక్కువైతే ఆ రీడు పోయినట్టే. ఆ పనితనం తెలిసిన చేతులు తగ్గాయి. కీబోర్డుకు ఈ బాధ లేదు. అయితే కీబోర్డు తనకు ఊపిరి ఉన్నట్టు నటించదు కాబట్టి దాని విషయంలో ప్రశ్న అంత పదునుగా తగలదు. డిజిటల్ అకార్డియన్ ఊపిరి ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి, తేల్చుకోక తప్పదు.

గాలితో ఊగే స్వేచ్ఛా రీడు ఆసియాది. చైనా వారి షెంగ్ వాద్యంలో అది ఎంతో కాలంగా ఉంది. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ అకార్డియన్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కొద్దికాలానికే పారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ హార్మోనియం తయారుచేశాడు. కాలితో తొక్కే ఆ బల్లను నేలమీద కూర్చుని వాయించుకునే చేతిపెట్టెగా మార్చిన ఘనత 19వ శతాబ్దం చివరి పాదంలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్‌ది. ఆరాధనలో ఇంత కలిసిపోయిన ఈ పెట్టెకు వ్యతిరేకత కూడా తక్కువేమీ కాదు. గమకం పలకదని, శ్రుతి పరాయిదని ఆక్షేపించి ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. 2022లో సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ అధిపతి (జత్థేదార్) అమృత్‌సర్ స్వర్ణమందిరం కీర్తనలో హార్మోనియం తీసివేసి తంత్రీవాద్యాలు తిరిగి తేవాలని సూచించారు. జెనీవాలో క్రైస్తవ సంస్కర్త కాల్విన్ అయితే వాద్యాలు పాత నిబంధన కాలపు ఆలయానికి చెందినవని, చర్చికి కంఠం చాలునని తీర్మానించాడు. ఏ వాద్యం దేవుడికి తగును అన్న తగవు ఒక మతానిది కాదు, ఒక కాలానిది కాదు. డిజిటల్ అకార్డియన్ ఆ తగవులోకి ఆలస్యంగా వచ్చింది. రోలాండ్ సంస్థ 2004లో వి-అకార్డియన్ పేరుతో విడుదల చేసిన నమూనాలతో అది లోకానికి బాగా తెలిసింది.

ప్రశ్నకు జవాబు వెతికేముందు ఆ పెట్టెలో ఏముందో తెలియాలి. నేర్చుకునేవారు మొదట చూడవలసింది రిజిస్టర్లు. మామూలు అకార్డియన్‌లో ఒక మెట్టు వెనక మూడు నాలుగు రీడులుంటాయి. నడిమి స్థాయి రీడులు ఒకటి నుంచి మూడు దాకా, ఒక స్థాయి కిందిది ఒకటి, చాలావాటిలో ఒక స్థాయి పైది ఇంకొకటి. రిజిస్టరు మీటలమీద గుర్తు ఒక చిన్న వృత్తం. దాన్ని రెండు అడ్డగీతలు మూడు అరలుగా కోస్తాయి. పై అరలో చుక్క ఉంటే తారస్థాయి రీడు పలుకుతుంది, దాన్ని పికోలో అంటారు. నడిమి అరలో చుక్క ఉంటే మధ్యస్థాయి, అది క్లారినెట్. కింది అరలో ఉంటే మంద్రస్థాయి, అది బసూన్. నడిమి అరలోనే రెండు మూడు చుక్కలు పక్కపక్కన ఉంటే అది మ్యూజెట్. ఒకే స్వరానికి రెండో మూడో రీడులు, వాటి మధ్య కావాలని ఉంచిన చిన్న తేడా. ఒకటి సెకనుకు 440 సార్లు, రెండోది 444 సార్లు కంపిస్తే చెవికి సెకనుకు నాలుగు అలలు వినిపిస్తాయి. ఈ వణుకే అకార్డియన్‌కు ఆ తడి గొంతును ఇస్తుంది. డిజిటల్ పెట్టెలో రీడులు లేకపోయినా ఇదే వృత్తం, ఇవే చుక్కలు. తేడా ఎంత ఉండాలో కూడా ఎంచుకోవచ్చు. ఇటలీ పద్ధతి, జర్మనీ పద్ధతి, ఫ్రెంచి పద్ధతి, స్కాట్లండు పద్ధతి అని విడివిడిగా ఉంటాయి. భజనకు అల తక్కువగా ఉన్నదే మేలు. పాడేవారి శ్రుతిమీద మ్యూజెట్ వణుకు ముసుగు కప్పేస్తుంది.

ఎడమచేతి వైపు పూర్తి వాద్యంలో 120 బొత్తాలు, ఆరు వరసలు. రెండు వరసలు ఒంటరి మంద్రస్వరాలకు, మిగిలిన నాలుగు పాశ్చాత్య స్వరగుచ్ఛాలకు. ఒక స్వరం పక్క బొత్తం దాని పంచమం. కాబట్టి షడ్జమం, పంచమం పక్కపక్కన రెండు వేళ్ళకింద ఉంటాయి, శ్రుతి పెట్టె పని అక్కడికక్కడే జరిగిపోతుంది. రాగానికి ఈ రెండు వరసలే చాలు. గుచ్ఛాల వరసలను రాగం మధ్య నొక్కితే లేని స్వరాలు వచ్చి పడతాయి. ఇక ట్రాన్స్‌పోజ్ మీట. పాడేవారిది ఒకటిన్నర శ్రుతి అయినా ఐదు శ్రుతి అయినా వేళ్ళ అమరిక మారకుండా స్వరం మారుతుంది. కొన్ని పెట్టెల్లో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే సమభాగ శ్రుతికి బదులు సహజ శ్రుతిని ఎంచుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. అంతర గాంధారం సహజస్థానం కన్నా సమభాగ శ్రుతిలో దాదాపు 14 సెంట్లు (అర్ధస్వరంలో నూరోవంతు ఒక సెంటు) ఎక్కువ పలుకుతుంది. హార్మోనియాన్ని ఆక్షేపించినవారి చెవికి గుచ్చుకున్నవాటిలో ఈ తేడా ఒకటి. ఇత్తడి రీడును ఇందుకోసం గీకించడం పెద్ద పని. ఇక్కడ ఒక బొత్తంతో అవుతుంది. అనుకరణ, పదార్థంలో అసలుకు తక్కువైనా, శ్రుతిలో అసలును మించగల చోటు ఇది.

తిత్తి విషయమే అన్నిటికన్నా ముఖ్యం. అసలు అకార్డియన్‌లో గాలి రీడుల గుండా పోతుంది. రీడులు లేనిచోట గాలికి దారి ఉండదు కనుక, ప్రత్యేకంగా ఒక కవాటం పెట్టి, అది ఎంత తెరుచుకోవాలో సరిచేసుకునే ఏర్పాటు చేస్తారు. తిత్తి బరువు దానితో కుదురుతుంది. ఒత్తిడికి ధ్వని ఎలా స్పందించాలో మెనూలో ఎంచుకోవాలి. తేలిక, మామూలు, బరువు అని ఉంటాయి. వాటి పక్కనే స్థిరం అని ఇంకొకటి చాలా నమూనాల్లో కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే తిత్తి కదపనక్కరలేదు, మెట్టు నొక్కితే చాలు. మెట్టు మూసుకునే టక్కు చప్పుడు, బొత్తం కిటకిట కూడా ఎంత వినిపించాలో పెట్టుకోవచ్చు. లేని కవాటం చప్పుడును చిప్పు శ్రద్ధగా తయారుచేసి ఇస్తుంది. వీటిలో చాలామందిని నవ్వించేది ఈ సౌకర్యమే. తత్త్వం దృష్ట్యా అసలు ఆలోచింపజేయవలసింది మాత్రం ఆ "స్థిరం" మీట.

ఇప్పుడు శాస్త్రం. తర్కం చదువుకునేవారు మొదట పట్టే తర్కసంగ్రహం ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసినది. ఆ మతంలో శబ్దం ఆకాశపు గుణం, చెవికి మాత్రమే అందేది, పుట్టి నశించేది. పుట్టుక మూడు విధాలు. భేరికి కర్ర తగిలితే సంయోగం వల్ల, వెదురు చీలితే విభాగం వల్ల, ఆ తర్వాత చెవిదాకా ఒక శబ్దం ఇంకో శబ్దాన్ని పుట్టిస్తూ పోవడం వల్ల. డిజిటల్ అకార్డియన్ ధ్వని ఇందులో ఎక్కడికి వస్తుంది? ఎక్కడో ఒక మంచి అకార్డియన్‌ను పలికించి రికార్డు చేశారు. ఆ కంపనాన్ని సెకనుకు వేలసార్లు కొలిచారు. సీడీ ప్రమాణంలో అది 44,100 సార్లు. అంకెలు శబ్దం కావు. శబ్దపు గొలుసు అక్కడ తెగిపోయింది. తిరిగి స్పీకరు కాగితపు పొర కొట్టుకున్నప్పుడు పుట్టేది కొత్త శబ్దం, పాతదానికి సజాతీయం. నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలుగా విభజించింది. అకార్డియన్ సుషిరం. దాని డిజిటల్ రూపం చివరికి పలికేది బిగించిన పొరతో కాబట్టి, మడికట్టుకుని వర్గీకరిస్తే మద్దెల పక్కన కూర్చోవాలి. వర్గీకరణ ఏమైనా, తార్కికుడి తీర్పు ఒకటే: ఇది అకార్డియన్ ధ్వని కాదు, అలాంటి ధ్వని.

వేదవాక్యాలను విచారించే మీమాంసకుడు దీనికి ఒప్పుకోడు. అతనికి వర్ణాత్మక శబ్దం నిత్యం. గాలి కదలిక దాన్ని పుట్టించదు, వెల్లడి మాత్రమే చేస్తుంది. నిన్న విన్న గకారమే ఇవాళ విన్నామని గుర్తుపడతాం కదా, ఆ గుర్తింపే అతని ప్రమాణం. అది జాతిని గుర్తుపట్టడమే తప్ప వ్యక్తిని కాదు, దీపజ్వాల క్షణక్షణం మారుతున్నా అదే దీపం అంటాం కదా అని తార్కికుడి జవాబు. మీమాంసకుడు ఈ నిత్యత్వాన్ని చెప్పింది వేదాక్షరాలకు. వాద్యధ్వనికి దాన్ని పొడిగించడం అతని మతాన్ని కొంత సాగదీయడమే. సాగదీస్తే తేలేది ఇది: షడ్జమం షడ్జమమే, దాన్ని వెల్లడించేది ఇత్తడి అయినా సిలికాన్ అయినా. ఈ వాదం కొందరికి ఊరట. అయితే ఇది మరీ తేలికైన ఊరట. ఈ లెక్కన ఫోన్ రింగుటోనుకూ నాదోపాసనకూ తేడా చెప్పలేం.

సంగీతశాస్త్రం ఇంకో దారిలో నడిచింది. 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో నాదం పుట్టే క్రమం చెప్పాడు. ఆత్మ పలకాలనుకుంటుంది, మనసును ప్రేరేపిస్తుంది, మనసు దేహంలోని అగ్నిని తాకుతుంది, అగ్ని ప్రాణవాయువును కదుపుతుంది. ఆ వాయువు నాభి నుంచి హృదయం, కంఠం, శిరస్సు మీదుగా పైకి లేచి నోట ధ్వనిగా వెలువడుతుంది. త్యాగరాజు సారమతి రాగంలోని "మోక్షముగలదా" కృతిలో ఇదే సిద్ధాంతాన్ని తెలుగులో చెప్పాడు. ప్రాణమూ అగ్నీ కలిసి ప్రణవనాదమై, అది సప్తస్వరాలైందని ఆయన నమ్మిక. ఈ క్రమంలో ధ్వని చివరి మెట్టు. మొదటి మెట్టు సంకల్పం. ఈ గొలుసు ఎక్కడ తెగింది అన్నదే వాద్యాలకు పెట్టవలసిన పరీక్ష.

ఆ పరీక్షకు మంచి ఉదాహరణ డిజిటల్ అకార్డియన్ కన్నా ముందే గుళ్ళలోకి వచ్చింది. హారతివేళ స్విచ్ వేస్తే మోటారు తిరిగి, నగారా మీద కర్రలు పడి, గంటలు వాటంతట అవే మోగే కరెంటు యంత్రం ఇవాళ చిన్న చిన్న ఆలయాల్లో కూడా కనిపిస్తుంది. అందులో గంట నిజమైన కంచు, నగారా నిజమైన తోలు, తాకిడి నిజమైన తాకిడి. అన్నంభట్టు భేరీదండ సంయోగం అచ్చంగా అక్కడ ఉంది. లేనిది మనిషి చెయ్యి. డిజిటల్ అకార్డియన్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. చెయ్యి ఉంది, భుజం నొప్పి పుట్టేదాకా తిత్తి లాగడం ఉంది, పాటలోని వేదనకు తగ్గట్టు ఒత్తిడి పెంచడం, తగ్గించడం ఉంది. లేనిది లోహం. మొదటిదాంట్లో పదార్థం నిజం, కర్త లేడు. రెండోదాంట్లో కర్త నిజం, పదార్థం మారింది.

వీటిలో ఏది క్షమార్హం అన్నదానికి పూర్వమీమాంస దగ్గర సిద్ధంగా ఒక న్యాయం ఉంది. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మూడో పాదం ప్రతినిధి గురించి చర్చిస్తుంది. యాగానికి వడ్లు విధించారు, వడ్లు దొరకలేదు, అప్పుడు నివ్వరి ధాన్యంతో చేయవచ్చా? చేయవచ్చు. సోమలత దొరక్కపోతే పూతికం వాడవచ్చు. మొలగొలుకుల వడ్లు పండించిన నెల్లూరు సీమవారికి వడ్లకూ నివ్వరికీ ఉన్న దూరం వేరే చెప్పనక్కరలేదు. ద్రవ్యానికి ప్రతినిధి ఉంది, అది అసలుకు వీలైనంత పోలికగా ఉండాలి. ఆ పాదమే ఇంకోమాట కూడా తేల్చింది. దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేదు. ఫలం పొందవలసిన యజమానికీ సాధారణంగా ప్రతినిధి లేడు. ఈ న్యాయాన్ని నాదానికి పెడితే ఇత్తడి రీడు స్థానంలో అంకెల రీడు రావడం ద్రవ్యప్రతినిధి, అది చెల్లుతుంది. చేతి స్థానంలో మోటారు రావడం కర్తకూ క్రియకూ ప్రతినిధి, అది చెల్లదు. కంచు గంట ఎంత స్వచ్ఛమైనదైనా సరే.

దీనికి ఒక ఆక్షేపణ వస్తుంది. యజమాని అన్నీ తానే చేయడు, ఋత్విక్కులను దక్షిణతో నియమిస్తాడు కదా, గుడిలో సన్నాయివారూ అంతే కదా, మోటారు కూడా అలాంటి నియమితుడే అనుకోరాదా? అనుకోరాదు. ఋత్విక్కు చేతనుడు. చేస్తున్నది ఎందుకో ఎరిగి చేస్తాడు, తప్పు చేస్తే ప్రాయశ్చిత్తానికి కట్టుబడతాడు. మోటారుకు తప్పు చేసే అధికారం కూడా లేదు. కరెంటు పోతే ఆగిపోవడం అపచారం కాదు, ఆగిపోవడమే.

ఇదే గీతను ఆధునిక భాషలో గీసిన మాట ఒకటి ఇందుకూరుపేటకు దగ్గర సంబంధం ఉన్న మనిషిది. ఈ మండలంలోని పల్లిపాడులో, పెన్న ఒడ్డున, పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించాడు. యంత్రాలన్నిటికీ ఆయన విరోధి అని లోకం అనుకుంటున్న రోజుల్లో, 1924లో జరిగిన ఒక సంభాషణలో తన అభ్యంతరం యంత్రంమీద కాదని, యంత్రపు వెర్రిమీద అని చెప్పాడు. సింగర్ కుట్టుమిషనును మినహాయింపుగా పేర్కొన్నాడు. మనిషి అవయవాలను చచ్చుబరిచే యంత్రం కూడదన్నది ఆయన కొలత. ఆ కొలతకు డిజిటల్ అకార్డియన్ తిత్తి నిలుస్తుంది, "స్థిరం" మీట నిలవదు. తిత్తి ఆడిస్తే భుజం పనిచేస్తుంది. మీట వేస్తే ఆ చెయ్యి ఊరికే పెట్టెను పట్టుకుని ఉంటుంది. కీబోర్డుల్లో, కొన్ని డిజిటల్ అకార్డియన్లలో ఉండే ఆటోమేటిక్ తాళమూ అంతే. తబలా, డోలక్ తమంతట తాము వాయిస్తుంటే పాడేవారు యంత్రం లయకు కట్టుబడి పరుగెత్తాలి. భజనలో లయ పెరగడం, తగ్గడం గుంపు ఊపిరిని బట్టి జరగాలి. అక్కడ తాళం వేసే చేతికి ప్రతినిధిని పెట్టడమంటే క్రియకే ప్రతినిధిని పెట్టడం.

ప్రతినిధిని వాడేవారికి ఒక బాధ్యత కూడా ఉంది. నివ్వరితో యాగం చేసేవాడు వడ్ల పోలికలున్న భాగాలకోసమే నివ్వరిని తీసుకుంటున్నానని ఎరగాలి. డిజిటల్ అకార్డియన్ నేర్చుకునేవారికీ అంతే. కింది అరలోని చుక్క ఏ రీడుకు బదులు, ఆ వణుకు ఏ రెండు రీడుల తేడాకు బదులు, ఒత్తిడి పెంచితే మంద్రరీడు గొంతు ఎందుకు కొద్దిగా దిగుతుంది అన్నది తెలియకుండా మెనూలో తిరగడం బొమ్మతో ఆడుకోవడమే. వీలైతే ఒకసారి పాత హార్మోనియం మూత తీసి రీడులు చూసి, ఒకదాన్ని వేలితో మీటి, ఆ తర్వాత డిజిటల్ పెట్టె దగ్గర కూర్చోవడం మంచిది. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి ఉచ్చారణకు వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరు అంగాలు చెప్పింది. ఈ పెట్టెలో స్వరం మెట్టు నొక్కితే వస్తుంది, బలం మాత్రం తిత్తిలోనే ఉంది. అందుకని సాధన మొదలుపెట్టవలసింది నూరు రకాల వాద్యాల గొంతులతో కాదు. ఒకే రిజిస్టరు, ఒకే షడ్జమం, తిత్తి దిశ మారేటప్పుడు నాదం తెగకుండా నిలపడం. ట్రంపెట్, వయొలిన్ గొంతులు పెట్టెలో ఉన్నాయి. అవి ప్రతినిధికి ప్రతినిధులు, ఆరాధనలో వాటి అవసరం కనిపించదు.

గమకం దగ్గర మాత్రం ఈ పెట్టె ఓడిపోతుంది. తోడి గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు, ఊగే కదలిక. మెట్ల వాద్యం దాన్ని ముక్కలు చేసి చెబుతుంది. ఇది డిజిటల్ కావడం వల్ల వచ్చిన లోపం కాదు. హార్మోనియానికీ అకార్డియన్‌కూ పుట్టుకతోనే ఉంది. భజన సంప్రదాయం దీన్ని గొంతుకు వదిలేసి, వాద్యాన్ని ఆధారానికే పరిమితం చేసి చక్కగా సర్దుకుంది.

ఇక మిగిలింది తెల్లవారుజామున గుడి మైకులో వేసే సుప్రభాతం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతు తెలుగునాట ఎన్నో ఊళ్ళను నిద్రలేపుతోంది. పాడినవారు ఎప్పుడో పాడారు, ఇక్కడ ఎవరూ పాడటం లేదు, స్విచ్ వేసినవారు యజమాని కాదు. ప్రతినిధి న్యాయం ప్రకారం అది కీర్తనం కాదు. అయితే భాగవతం చెప్పిన తొమ్మిది భక్తుల్లో మొదటిది శ్రవణం. విన్నవారికి అది శ్రవణంగా చెల్లుతుంది. పాడిన లెక్కలోకి మాత్రం రాదు, ఆ పూట ఎవరో ఒకరు గొంతెత్తవలసిందే.